చెవి గులిమియు మైనపు వత్తియు
(తల్లిదండ్రులకొక పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సంచికలో పిల్లల చదువును గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు వ్రాయుట నాకు వాడుక. ఈ పర్యాయము పిల్లల చెవిని గూర్చి వ్రాయుచున్నాను. చెవికిని చదువునకును సంబంధమేమని కొందరు అడుగవచ్చును. ఆ సంబంధము నాకును ఆలస్యముగనే బోధపడినది. అది బోధపడుటకు కారణమైన సంగతిని మొదట మనవి చేసి, పిదప పాఠమునకు వచ్చెదను.

ఒక బాలుని సంగతి

మన పాఠశాలలో నాలుగవ తరగతి చదువుచున్న ఒక బాలుడు ఉక్తలేఖనములో తరచుగా తప్పులు వ్రాయుచుండెను. 'గంప' యని చెప్పిన 'కంప' యనియు, 'దడి' యని చెప్పిన 'తడి' యనియు, 'బడి' యని చెప్పిన 'పడి' యనియు వ్రాసెడివాడు. హోసూరు ప్రాంతమున ఇట్టి తప్పులు క్రొత్త గావు. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. వీధిలో తమిళమును కన్నడమును విందురు. బడిలో తెలుగు, తమిళము, ఆంగ్లము అను మూడు భాషల లిపులను నేర్చుకొందురు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. త, ద లకు ఒకే అక్షరము. ప, బ లకును ఒకే అక్షరము. కావున ఆ బాలుని తప్పులు లిపుల తారుమారు వలన కలిగినవని నేను నిశ్చయించితిని. ఒక్కొక్క పదమును పదిమారులు వ్రాయించితిని. పిలిచినను పలుకనందులకు పరధ్యానమని మందలించితిని. తుదకు వెనుక బల్లకు పంపితిని.

అతని తండ్రి బాగలూరు దారిలోని ఒక పల్లెలో గులాబి తోట సాగు చేయు రైతు. కుమారునకు చెవి సరిగా వినబడుట లేదని ఆయనకు నాకంటె ముందుగనే అనుమానము కలిగినది. ఎవరో చెప్పగా ఆయన పొరుగు నగరములోని ఒక అంగడికి బాలుని కొనిపోయెను. అచ్చట బాలుని ప్రక్కకు పరుండబెట్టి, చెవిలో ఒక బోలు మైనపు వత్తిని నిలిపి, పైకొనను వెలిగించిరి. వత్తి కాలిన పిదప మిగిలిన తునకను కత్తిరించి, లోపల నున్న పసుపుపచ్చని పొడిని చూపి, "ఇదంతయు మీ వాని చెవిలోని మలినమే" యని చెప్పిరి. అడిగిన రుసుము తీసికొనిరి. మధ్యలో బాలుడు ఒకమారు కెవ్వున అరచెనట. అది వేడికి భయపడుట యని వారు సముదాయించిరట.

రెండవ నాటినుండి బాలునకు ఆ చెవి బొత్తిగా వినబడకపోయెను. తండ్రి నాయొద్దకు వచ్చి, "అయ్యవారూ! మురికి బయటికి వచ్చుట నేను కండ్లార చూచితిని గదా, మరి చెవి ఎందుకు మూసికొనినది?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. మేమిరువురమును బాలుని ప్రభుత్వ వైద్యశాలకు కొనిపోతిమి. చెవి వైద్యులు దీపము వేసి చూచి, రెండు చెవులయందును గులిమి గట్టిపడి యున్నదనియు, ఒక చెవిలో దానిపై కరగిన మైనపు బొట్టు పడి పేరుకొని యున్నదనియు, చర్మము కొంచెము కాలినదనియు చెప్పిరి. కాలిన చర్మము మానిన పిదప, గులిమిని మెత్తబరచు చుక్కలు కొన్ని దినములు వేయించి, సన్నని పనిముట్టులతో రెండింటిని తీసివేసిరి. దైవకృపచే కర్ణభేరి చెడలేదు. ఆ సాయంకాలము బాలుడు మోటారు బండ్ల చప్పుడు విని చెవులు మూసికొనెను. అంత చప్పుడు అతడు చాలకాలముగ విని యుండలేదు.

ఇప్పుడు అతడు మొదటి బల్లపై కూర్చుండుచున్నాడు. తప్పులన్నియు పోయినవని చెప్పను. కొన్ని నిజముగనే లిపుల వలన కలిగినవి. కాని పెక్కు తప్పులు చెవి వలన కలిగినవి. వానికి నేను వేసిన శిక్షను తిరిగి తీసికొనలేను. కనుకనే ఈ పాఠము.

చెవి నిర్మాణము

చెవిని మూడు భాగములుగ చెప్పుదురు: వెలి చెవి, నడిమి చెవి, లోపలి చెవి. బయటికి కనబడు దొప్పయు, దానినుండి లోనికి పోవు గొట్టమును కలిసి వెలి చెవి. పెద్దవారిలో ఈ గొట్టము సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవుండును. తిన్నగా నుండక కొంచెము వంకర తిరిగియుండును. దాని చివర పలుచని పొర యొకటి తప్పెటకు బిగించిన చర్మమువలె అడ్డముగ నుండును. దానినే కర్ణభేరి యందురు. దాని వ్యాసము ఇంచుమించు ఒక సెంటీమీటరు. మందము మిల్లీమీటరులో పదియవ వంతు మాత్రమే. కర్ణభేరికి ఆవల సుత్తి, దాగలి, అంకవన్నె పోలికగల మూడు చిన్న యెముకలు కలవు. శబ్దము తగిలినప్పుడు కర్ణభేరి కదలును. ఆ కదలికను ఈ యెముకలు లోపలి చెవికి అందించును.

ఇందులో తల్లిదండ్రులు ముఖ్యముగ గుర్తుంచుకొనవలసినది ఒకటి కలదు. చెవి గొట్టము బావివంటిది, సొరంగమువంటిది కాదు. దానికి ఒకవైపు మాత్రమే తెరపి. రెండవ వైపు కర్ణభేరి మూసియున్నది. ఈ సంగతి మైనపు వత్తిని పరీక్షించునప్పుడు మనకు పనికివచ్చును.

గులిమి మలినమా?

గులిమినే కొందరు గుబిలి యందురు. తమిళమున కుఱుంబి, కన్నడమున గుగ్గె యందురు. పేరేదైనను దానిని మురికిగనే అందరును ఎంచుచున్నారు. అది పొరపాటు. చెవి గొట్టపు వెలుపలి భాగములోని చర్మమున సన్నని గ్రంథులు కలవు. అవి స్రవించు జిడ్డు, రాలిన చర్మపు పొలుసులు, సన్నని వెండ్రుకలు కలిసి గులిమి యగుచున్నది. అది చర్మమును ఎండిపోనీయదు; లోనికి వచ్చు దుమ్మును పట్టి నిలుపును; కొంచెము ఆమ్ల గుణము కలదగుటచే సూక్ష్మజీవులను పెరుగనీయదు. కొందరికది తేనెవలె జిడ్డుగ నుండును. కొందరికి పొట్టువలె పొడిగ నుండును. ఈ భేదము వంశమును బట్టి కలుగును; దానికి కారణమైన జన్యువును 2006 లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

చెవి తన్ను తానే శుభ్రము చేసికొనును. గొట్టములోని చర్మము కర్ణభేరి యొద్దనుండి వెలుపలికి, గోరు పెరుగునంత మెల్లగ, జరుగుచుండును. దానితోపాటు పాత గులిమియు వెలుపలికి వచ్చి రాలిపోవును. నమలునప్పుడును మాటలాడునప్పుడును దవడ కదలిక ఇందులకు తోడ్పడును. కావున పెక్కుమందికి గులిమి తీయవలసిన పనియే లేదు.

కాని కొందరిలో గులిమి పేరుకొని గట్టిపడి గొట్టమును మూసివేయును. మన దేశపు జాతీయ బధిరత్వ నివారణ కార్యక్రమ పత్రములలో, నయము చేయదగిన వినికిడి లోపములకు గులిమియే మొదటి కారణముగ, 15.9 శాతముగ, చూపబడినది. చెవి మూసికొనినప్పుడు మాట చిన్నదిగ వినబడును. అచ్చులు గట్టిగ పలుకును గనుక అవి నిలుచును. హల్లుల భేదము ముందుగ పోవును. పెక్కు భాషల నడుమ చదువుకొను మన పిల్లలకు ఇది ఇతరులకంటె ఎక్కువ నష్టము. ఏలయన, మన బాలుడు 'గంప'ను 'కంప' యని వ్రాసిన, తప్పు చెవిదని ఎవరికిని తోచదు. తమిళపు అలవాటని త్రోసివేయుదుము. నేనును అట్లే చేసితిని.

మైనపు వత్తి యననేమి?

ఇది నూలుబట్టను తేనెమైనములో గాని పారఫిన్ మైనములో గాని తడిపి, బోలు గొట్టముగ చుట్టిన వత్తి. జానెడుకంటె కొంచెము పొడవుండును. సన్నని కొనను చెవిలో నుంచి, రెండవ కొనను వెలిగింతురు. మంట వేడికి గాలి పైకి లేచి, చెవిలోని గులిమిని పీల్చి వత్తిలోనికి తెచ్చునని అమ్మువారి వాదము. ఇది అమెరికాలోని హోపీ యను ఆదిమ జాతివారి ప్రాచీన వైద్యమని కూడ ప్రచారము చేసిరి. కాని ఇది తమ ఆచారము కాదని ఆ జాతివారే ప్రకటించి యున్నారు.

పీల్చుట యను మాటను విచారింతము. మన పెద్దలు వాడిన కిరసనాయిలు లాంతరును జ్ఞాపకము చేసికొనుడు. గాజు చిమ్నీలో వేడిగాలి పైకి పోవును. క్రింది రంధ్రములనుండి క్రొత్తగాలి లోనికి వచ్చును. ఆ క్రింది రంధ్రములను మూసివేసినచో పైకి లాగుట నిలిచి, దీపము పొగలు గ్రక్కి ఆరిపోవును. చెవి గొట్టమునకు క్రింది రంధ్రము లేదు. అది కర్ణభేరిచే మూయబడినదని పైన చదివితిరి. క్రిందినుండి గాలి రానిదే పైకి గాలి ప్రవహింపదు. ఒకవేళ జిగటగ అంటుకొనిన గులిమిని పెరికి తెచ్చునంతటి బలమైన పీల్పు కలిగినను, ఆ బలము ముందుగ పలుచని కర్ణభేరినే చెరచును.

పాఠశాలలో చేసిన పరీక్ష

ఆ రైతు ప్రశ్నకు నోటి మాటతో సమాధానము చెప్పుట చాలదని తోచినది. అట్టివే రెండు వత్తులను తెప్పించి, ఆయనను పాఠశాలకు పిలిచి, ఏడవ తరగతి పిల్లలను దూరముగ నిలిపి, ఆవరణలో నీళ్ళ బకెట్టు దగ్గర నుంచుకొని, ఒక చిన్న పరీక్ష చేసితిని. కడిగి తుడిచిన గాజు గ్లాసుపై నడుమ రంధ్రము గల అట్టముక్కను పెట్టి, ఆ రంధ్రమున వత్తి సన్నని కొనను దించి, పైకొనను వెలిగించితిని. మూడు వంతులు కాలిన పిదప ఆర్పి, మిగిలిన తునకను కత్తిరించి చూపితిని. ఆ అంగడిలో చూపినట్టి పసుపుపచ్చని పొడియే లోపల కనబడినది. గ్లాసు అడుగున రెండు మైనపు బొట్లు పడియుండెను. రెండవ వత్తితోను ఇట్లే జరిగినది.

అప్పుడొక బాలిక, "అయ్యవారూ! గ్లాసుకు కూడ గులిమి యుండునా?" అని అడిగెను. పిల్లలందరు నవ్విరి. ఆ రైతు నవ్వలేదు. ఆ పొడిని వ్రేలితో నలిపి చూచి, "ఇది మైనమే" యనెను. కాలీకాలని మైనమును, బట్ట మసియును కలిసి ఆ పొడి యేర్పడును. చెవి యున్నను లేకున్నను అది వచ్చును. మనిషిని మోసగించినది కండ్లకు కనబడిన ఆ పొడియే. గ్లాసు అడుగున పడిన బొట్లవంటి బొట్టే ఆ బాలుని చెవిలోను పడినది.

ఈ పరీక్షను పిల్లలు తమంతట తాము చేయరాదని అప్పుడే గట్టిగ చెప్పితిని; మీరును చెప్పవలెను.

వైద్యుల పరిశోధన

మా పరీక్ష బడిపిల్లల కొరకు చేసినది. వైద్యులు ఇంతకు ముందే దీనిని శ్రద్ధగ పరిశోధించిరి. 1996 లో అమెరికా వైద్యులు ప్రకటించిన పరిశోధనలో మూడు అంశములు కలవు. మొదటిది: చెవి నమూనాలో వత్తిని కాల్చి లోపలి ఒత్తిడిని కొలువగా, పీల్పు ఏమాత్రమును కలుగలేదు. రెండవది: ఎనిమిది చెవులలో వత్తిని ప్రయోగింపగా, ఒక్కదానినుండియు గులిమి రాలేదు, పైగా కొన్నింటిలో మైనము చేరినది. మూడవది: 122 మంది చెవి వైద్యులను విచారింపగా, వత్తుల వలన 21 గాయములు జరిగినట్లు తెలిసినది. అందు 13 కాలిన గాయములు. 7 మైనముతో గొట్టము మూసికొనిపోయినవి. ఒకటి కర్ణభేరి చిల్లుపడినది.

2010 ఫిబ్రవరిలో అమెరికా ఆహార ఔషధ సంస్థ, ఈ వత్తుల వలన మేలు కలుగునని చెప్పుటకు శాస్త్రీయమైన ఆధారము లేదనియు, పిల్లలకు ప్రమాదము మరింత ఎక్కువ యనియు ప్రజలను హెచ్చరించినది. 2017 లో ఆ దేశపు చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘము గులిమిని గూర్చి వెలువరించిన మార్గదర్శక పత్రములో, చెవిలో వత్తి కాల్చుట కూడదని స్పష్టముగ చెప్పినది. కొంచెము మేలు, కొంచెము కీడు గల వైద్యమైనచో తూచి చూడవచ్చును. దీనిలో మేలు అసలే లేదు; కీడు మాత్రమే కలదు. కావున తూచుటకు ఏమియు లేదు.

మన ఇంటి అలవాట్లు

పొరుగు నగరపు వత్తిని నిందించి, మన ఇంటిలోని పిన్నీసును మరచుట న్యాయము కాదు. అగ్గిపుల్ల, తలపిన్ను, తాళపు చెవి, పెన్ను మూత, కోడి ఈక, వీనితో చెవి గెలుకుకొనువారిని రోజును చూచుచున్నాము. ఇయర్‌బడ్ అను దూదిపుల్లయు మంచిది కాదు. తుపాకి గొట్టములో మందు కూరినట్లు అది గులిమిని లోనికి నెట్టి గట్టిపరచును. సంతలలో ఇనుప పుల్లతో చెవి శుభ్రము చేయువారు ఒకరి చెవిలో పెట్టిన పుల్లనే మరియొకరి చెవిలో పెట్టుదురు.

వెల్లుల్లి వేసి కాచిన నూనెను చెవిలో పోయుట మన తల్లులకు వాడుక. అది వేడిగ నున్న చర్మమును, కర్ణభేరిని కాల్చును. చెవిలో చీము కారుచున్నను, కర్ణభేరికి చిల్లు ఉన్నను నూనె పోయుట మరింత కీడు. తల్లి ప్రేమను నేను తప్పుపట్టను. నూనె వేడిని మాత్రమే తప్పుపట్టుచున్నాను.

మన ప్రాచీన వైద్యము దీనిని ఎరుగక పోలేదు. సుశ్రుత సంహితలో కర్ణరోగములు ఇరువది యెనిమిదింటిలో కర్ణగూథ మనునది గులిమి గట్టిపడుటయే. ముందు తైలముతో మెత్తబరచి, పిదప వైద్యుడు శలాకతో తీయవలెనని అందు చెప్పబడినది. మెత్తబరచుట ముందు, తీయుట వెనుక, తీయు చేయి వైద్యునిది: ఈ క్రమము నేటి వైద్యమునకును సమ్మతమే.

ఏమి చేయవలెను?

మొదట, లోపమును కనిపెట్టవలెను. పిల్లవాడు వెనుకనుండి పిలిచిన పలుకకున్నను, మాటిమాటికి "ఏమి?" యని అడుగుచున్నను, టెలివిజను చప్పుడు హెచ్చించుచున్నను, ఒక చెవినే ముందునకు త్రిప్పి వినుచున్నను అనుమానింపవలెను. ఇంటిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. పిల్లవాని వెనుక చేయి చాచినంత దూరమున నిలిచి, వాని ఒక చెవిని మెల్లగ మూయుమని చెప్పి, గుసగుసగ నాలుగు, ఆరు, తొమ్మిది వంటి మూడు అంకెలను పలికి, తిరిగి చెప్పుమనవలెను. పిదప రెండవ చెవిని వేరు అంకెలతో పరీక్షింపవలెను. చెప్పలేకపోయిన వైద్యునకు చూపవలెను. ఇది వైద్య పరీక్షకు బదులు కాదు. వైద్యునియొద్దకు పోవుటకు గుర్తు మాత్రమే.

రెండవది, చెవిలో నొప్పి, చీము, రక్తము, దుర్వాసన, తల తిరుగుట, అకస్మాత్తుగ వినబడకపోవుట, వీనిలో ఏది కలిగినను ఇంటి చికిత్స చేయక వెంటనే వైద్యుని చూడవలెను.

మూడవది, ఇట్టి బాధలేమియు లేక, గులిమి మాత్రమే యున్నదని వైద్యుడు చూచి చెప్పినచో, ఆయన వ్రాసిచ్చిన చుక్కలను చెప్పినన్ని దినములు వేయవలెను. మెత్తబడిన గులిమి తరచుగ దానంతటదియే వచ్చును. రానిచో వైద్యుడు శరీరపు వేడిమి గల నీటితో కడిగియో, సన్నని గొట్టముతో పీల్చియో తీయును. ఆ పీల్చుట యంత్రముతో, కంటితో చూచుచు చేయునది. మంటతో చేయునది కాదు.

నాలుగవది, స్నానానంతరము చెవి దొప్పను మెత్తని బట్టతో తుడిచిన చాలును. మీ చిటికెన వ్రేలు పోనిచోటికి ఏ వస్తువును పోనీయకుడు.

ఇందులకు దూరము పోవలసిన పని లేదు. హోసూరులో ప్రభుత్వ వైద్యశాల కలదు. 2022 జనవరిలో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల కృష్ణగిరిలో కలదు. 2013 లో ఆరంభింపబడిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున పాఠశాలలకు వచ్చు వైద్య బృందము పిల్లల వినికిడిని కూడ విచారించును. ఆ దినమున మీ పిల్లలను తప్పక బడికి పంపుడు. మార్చి 3 ప్రపంచ శ్రవణ దినము. ఇకమీదట ఏటేట ఆ వారములో మన పాఠశాలలో పైన చెప్పిన గుసగుస పరీక్షను ఒక్కొక్క బాలునకు, ఒక్కొక్క బాలికకు చేయింతును. తేడా కనబడిన మీకు కబురు పంపుదును. అది నింద యని ఎంచకుడు.

ఉపాధ్యాయులకును ఒక మాట. ఉక్తలేఖనములో తప్పు వ్రాసిన పిల్లవానిని దండించుటకు ముందు, వాని వెనుక నిలిచి ఒకమారు పేరు పెట్టి మెల్లగ పిలువవలెను. తిరిగి చూచినచో పాఠము మరల చెప్పవలెను. చూడనిచో ముందు బల్లకు తెచ్చి, తల్లిదండ్రులకు కబురు పంపవలెను. తెలుగు మాటను ఈ సరిహద్దు నేలపై నిలుపుకొనుటకు మనము పాటుపడుచున్నాము. ఆ మాట మన పిల్లల నోట నిలువవలెనన్న, ముందు వారి చెవిని చేరవలెను గదా!